చవక ఓబీడీ స్కానర్: కారు మీద మొదట పెట్టాల్సిన ఖర్చు ఇదే

కారు మీద డబ్బు పెట్టాలనుకున్నవాళ్ళు ఎక్కువగా అలాయ్ వీల్సుతోనో, కొత్త హెడ్‌లైట్లతోనో మొదలుపెడతారు. నన్నడిగితే ముందు కొనాల్సింది స్టీరింగ్ కింద గుచ్చే ఈ చిన్న బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (ఓబీడీ అంటే బండి తన లోపాల్ని తనే కనిపెట్టి చెప్పే వ్యవస్థ). మామూలు ఆయిల్ సర్వీసుకయ్యే ఖర్చులో కొంత పెడితే వచ్చేస్తుంది. చాలాకాలంగా వాడుతున్నాను, మా బండికీ, చుట్టాల బండ్లకీ, సెకండ్ హ్యాండ్‌లో కొనేముందు ఒకసారి చూసిపెట్టమని స్నేహితులు పిలిచిన బండ్లకీ. దీనివల్ల నాకు మిగిలిన డబ్బంతా అక్కర్లేకుండా మార్చబోయి ఆగిన పార్టులదే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు వస్తువు సంగతి. అరచేతిలో ఇమిడిపోయే ప్లాస్టిక్ డబ్బా, ఒకవైపు 16 పిన్నులకు చోటు. దీన్ని పెట్టే సాకెట్టు డ్రైవర్ మోకాళ్ళకు పైన, డాష్‌బోర్డు అడుగున ఉంటుంది. కొన్ని బండ్లలో ఫ్యూజు బాక్సు మూత వెనక ఉంటుంది, వంగి టార్చి వేసి చూస్తే దొరుకుతుంది. అమెరికాలో 1996 మోడళ్ళ నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి ఇది తప్పనిసరి, మిగతా చోట్ల తర్వాత వచ్చింది, కాబట్టి మీ బండి మరీ పాతది కాకపోతే ఉండే ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫోన్ సెట్టింగ్స్‌లో పెయిర్ చేసి (పిన్ సాధారణంగా 1234 లేదా 0000), టార్క్, కార్ స్కానర్ లాంటి ఏదో ఒక యాప్ తెరిస్తే ఇంజిన్ కంప్యూటర్ చూస్తున్న లెక్కలు మీ ఫోన్లో కనిపిస్తాయి. ఐఫోన్ ఉన్నవాళ్ళు మాత్రం కొనేముందు చూసుకోవాలి, పాతరకం బ్లూటూత్ స్కానర్ ఐఫోన్‌తో కలవదు, బ్లూటూత్ 4.0 ఉన్నదో వైఫై ఉన్నదో తీసుకోవాలి. వైఫై రకంతో ఒక చికాకు ఏంటంటే, స్కానర్‌కి కలిసి ఉన్నంతసేపూ ఫోన్‌లో ఇంటర్నెట్ సరిగా రాకపోవచ్చు, కంప్యూటర్ చూపే లోపం కోడ్ అర్థం వెతుక్కోవాలంటే మళ్ళీ మళ్ళీ మార్చుకోవాలి.

పెట్టె మీద ఈఎల్ఎమ్ 327 అని ఉంటుంది. అది కెనడాలోని ఈఎల్ఎమ్ ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ చేసిన చిప్పు పేరు. మొదటి వెర్షన్‌కి కాపీ కాకుండా ఏ రక్షణా పెట్టలేదు, దాంతో నకళ్ళు కుప్పలు తెప్పలుగా వచ్చేశాయి, చివరికి 2022లో ఆ కంపెనీయే మూతపడింది. ఇప్పుడు చవకగా దొరికేవి దాదాపు అన్నీ నకళ్ళే. నకలైనంత మాత్రాన పనికిరాదని కాదు, కానీ వాటిలో తేడాలున్నాయి. వెర్షన్ 1.5 అని రాసినవి కనిపిస్తాయి, అసలు కంపెనీ 1.5 అనేదే ఎప్పుడూ విడుదల చేయలేదు. విచిత్రం ఏంటంటే చాలాసార్లు ఆ 1.5 అని రాసున్నవే, 2.1 అని రాసున్న నకళ్ళ కంటే నమ్మకంగా పనిచేస్తాయి, ఎందుకంటే 2.1 పేరుతో అమ్మే చవకరకం చాలావాటికి కొన్ని కమాండ్లు అసలు తెలియవు. నేను మొదట తెప్పించుకున్నది అలాంటిదే. కొత్త బండితో టక్కున కలిసేది, క్యాన్ (ఇప్పటి బండ్లలో కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి) రాకముందు కే-లైన్ అనే పాత పద్ధతిలో మాట్లాడే బండిలో పెడితే కనెక్ట్ అవుతోంది, అవుతోంది అంటూ అక్కడే ఉండిపోయేది. అమ్మినవాళ్ళేమో మీ బండిలోనే లోపం ఉందన్నారు, వాపసు తీసుకోవడానికి బాగా సతాయించారు. మీరు కొన్నాక వెంటనే చేయాల్సిన పని, చిప్పు ఏ కమాండ్లకు జవాబిస్తోందో చూపించే ఉచిత యాప్ ఒకటి వేసి పరీక్షించడం. సగానికి పైగా ఎర్రగా వస్తే వాపసు గడువు దాటకముందే పంపేయండి.

ఇక వాడకం. ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. కోడ్ వచ్చిందంటే ఆ పేరున్న పార్టు పోయిందని అనుకుంటారు. కోడ్ పార్టు పేరు చెప్పదు, ఏ లెక్క తప్పిందో చెబుతుంది, అంతే. పీ అక్షరం తర్వాత సున్నా ఉంటే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం, 1 ఉంటే సాధారణంగా ఆ కంపెనీ సొంత కోడ్. దాని తర్వాతి అంకె చూస్తే సమస్య ఏ విభాగంలోనో తెలుస్తుంది, 1, 2 అయితే గాలి, ఇంధనం, 3 అయితే మిస్ ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగ్గా మండకపోవడం), ఇగ్నిషన్, 4 అయితే పొగకు సంబంధించినవి, 7 అయితే గేర్‌బాక్సు. ఉదాహరణకి పీ0455 వచ్చిందంటే పెట్రోలు ట్యాంకు ఆవిరి వ్యవస్థలో పెద్ద లీకు ఉందని. వినడానికి భయంగా ఉంటుంది కదా, ముందు ట్యాంకు మూత సరిగ్గా బిగించి ఉందో లేదో, దాని రబ్బరు రింగు పగిలిందో చూడండి, చాలాసార్లు సంగతి అక్కడే తేలిపోతుంది.

మిస్ ఫైర్ విషయం కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బండి వణుకుతోంది, పికప్ లేదు, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. లైటు వెలిగి ఉండటం వేరు, మిణుకు మిణుకుమంటూ ఉండటం వేరు. మిణుకుమంటోందంటే కాలని ఇంధనం సైలెన్సర్ వైపు వెళ్ళి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేసేంత మిస్ ఫైర్ ఉందని అర్థం, అలాంటప్పుడు యాక్సిలరేటర్ తొక్కకుండా బండి పక్కకు తీసి ఆపేయడమే మంచిది. స్కానర్ పెడితే పీ0302 వచ్చింది అనుకోండి, రెండో సిలిండర్ సరిగ్గా మండడం లేదు. వర్క్‌షాపుల్లో మామూలుగా వినిపించే సలహా నాలుగు ప్లగ్గులు, వాటికి కరెంటు ఇచ్చే నాలుగు కాయిల్స్ మార్చేయమని. అలా చేయకుండా, ప్రతి సిలిండర్‌కీ విడి కాయిల్ ఉన్న ఇంజిన్ అయితే, ఇంజిన్ చల్లారాక రెండో కాయిల్ కనెక్టర్ మీద చిన్న లాక్ నొక్కి వైరు తీయండి, ఒకే ఒక్క బోల్టు ఉంటుంది, చాలా బండ్లలో 10 నంబరు సాకెట్టు సరిపోతుంది, కాయిల్‌ని కాస్త అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి, రబ్బరు ప్లగ్గుకి అతుక్కుని ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా గుంజొద్దు. దాన్ని మూడో సిలిండర్‌లో పెట్టి, మూడోదాన్ని రెండులో పెట్టండి. కోడ్ చెరిపేసి కొంచెం దూరం నడపండి. ఈసారి పీ0303 వచ్చిందంటే జబ్బు కాయిల్‌తో పాటే వెళ్ళింది, ఆ ఒక్క కాయిల్ కొంటే చాలు. మళ్ళీ పీ0302 వస్తే కాయిల్ బాగానే ఉన్నట్టు, ఇదే పద్ధతిలో ప్లగ్గులు మార్చి చూడండి. ప్లగ్గుతో కూడా కదలకపోతే అప్పుడు ఇంజెక్టర్, కంప్రెషన్ అని ఆలోచించాలి, అది మెకానిక్ పని. కాయిల్ బయటికి తీసినప్పుడు దాని రబ్బరుకి ఆయిల్ అంటుకుని ఉందేమో కూడా చూడండి. ఉందంటే పైన వాల్వ్ కవర్ గ్యాస్కెట్ కారుతోంది, అది మార్చకుండా కొత్త కాయిల్ పెట్టినా మళ్ళీ పోతుంది.

రెండోది ఫ్యూయల్ ట్రిమ్. యాప్‌లో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ అని రెండు శాతాలు కనిపిస్తాయి. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని చూసే ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి కంప్యూటర్ తను ముందు అనుకున్నదాని కంటే ఎంత ఎక్కువ లేదా తక్కువ పెట్రోలు పోస్తోందో అవి చెబుతాయి. రెండూ కలిపి ప్లస్ 10, మైనస్ 10 మధ్య ఉంటే గాబరా అక్కర్లేదు. పీ0171 వచ్చి, లాంగ్ టర్మ్ ప్లస్ 20 దాటి ఉందంటే గాలి ఎక్కువవుతోంది లేదా పెట్రోలు తక్కువవుతోంది. చాలాచోట్ల ఈ కోడ్‌కి ముందు ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు, నిజానికి పాపం ఆ సెన్సర్ ఉన్న సంగతి ఉన్నట్టు చెబుతోంది. మీరు చేయాల్సింది ఇది: బండి వేడెక్కాక ఐడ్లింగ్‌లో ట్రిమ్ ఎంతుందో చూడండి, తర్వాత ఆర్‌పీఎం 2500 దగ్గర నిలబెట్టి మళ్ళీ చూడండి. లోపలికొచ్చే గాలిని మాఫ్ సెన్సర్‌తో కొలిచే ఇంజిన్లలో, ఐడ్లింగ్‌లో ఎక్కువగా ఉండి 2500 దగ్గర మామూలుకి వచ్చేస్తుంటే ఎక్కడో వాక్యూమ్ పైపు లీకవుతోంది. ఐడ్లింగ్‌లో బాగానే ఉండి, బండి మీద లోడ్ పడేకొద్దీ పెరుగుతుంటే మాఫ్ సెన్సరో, ఫ్యూయల్ ఫిల్టరో, పంపో చూసుకోవాలి. వాక్యూమ్ పైపుల్ని చేత్తో పట్టుకుని వంచి చూస్తే పగుళ్ళు బయటపడతాయి, ఎక్కువగా రబ్బరు మడత తిరిగే చోటా, క్లాంప్ కిందా చీలుతుంది, ఇంజిన్ నడుస్తుండగా చెవిపెట్టి వింటే సన్నగా గాలి పీల్చే చప్పుడు కూడా వస్తుంది (ఫ్యాను, బెల్టు దగ్గరికి చెయ్యి, బట్ట పోనివ్వకండి). ఒక పైపు ముక్క ధర ఎంత, ఆక్సిజన్ సెన్సర్ ధర ఎంత! మాఫ్ సెన్సర్ మీద అనుమానం ఉంటే దానికోసమే అమ్మే మాఫ్ క్లీనర్ స్ప్రేతోనే కడగండి, కార్బొరేటర్ క్లీనర్, బ్రేక్ క్లీనర్ కొట్టొద్దు, లోపలి సన్నటి తీగని వేలితో గానీ బట్టతో గానీ ముట్టుకోవద్దు, పూర్తిగా ఆరాకే బిగించండి.

పీ0420, అంటే కన్వర్టర్ సరిగ్గా పనిచేయట్లేదన్న కోడ్, వస్తే మాత్రం తొందరపడకండి, క్యాటలిటిక్ కన్వర్టర్ అనేది చాలా ఖరీదైన పార్టు. యాప్‌లో కన్వర్టర్‌కి ముందూ వెనకా ఉండే రెండు ఆక్సిజన్ సెన్సర్ల గ్రాఫ్‌లు పక్కపక్కన పెట్టండి. ముందు సెన్సర్ మామూలు రకమైతే 0.1, 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగుతుంది, వెనకది 0.6, 0.7 ప్రాంతంలో దాదాపు కదలకుండా ఉండాలి. వెనకది కూడా ముందుదానిలాగే ఊగుతుంటే కన్వర్టర్ పని అయిపోయిందని అనుమానించొచ్చు. అప్పుడు కూడా ముందు సైలెన్సర్ పైపు జాయింట్ల దగ్గర లీకు లేదని, మిస్ ఫైర్ ఏదీ మిగిలిలేదని తేల్చుకున్నాకే కొనండి, లేకపోతే కొత్తది కూడా పాతదాని దారిలోనే పోతుంది.

కోడ్ ఏదీ లేనప్పుడు కూడా దీంతో పనుంది. చాలా కార్లలో టెంపరేచర్ ముల్లు నిజం చెప్పదు, డ్రైవర్‌కి టెన్షన్ లేకుండా మధ్యలో నిలబడేలా కంపెనీవాళ్ళే సెట్ చేస్తారు, అది కదిలేసరికి ఇంజిన్ బాగా వేడెక్కి ఉంటుంది. స్కానర్‌లో అసలు డిగ్రీలు కనిపిస్తాయి. చాలా ఇంజిన్లు వేడెక్కాక 85, 105 మధ్య తిరుగుతాయి. హైవే మీద 65, 70 దాటకపోతే థర్మోస్టాట్ (కూలెంట్ దారిని తెరిచి మూసే వాల్వు) తెరుచుకుని ఉండిపోయింది, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోయిందని బాధపడేవాళ్ళు ముందు ఇది చూసుకోవాలి. బ్యాటరీ సంగతి కూడా అంతే, రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగానికి వచ్చినట్టు, ఇంజిన్ నడుస్తుంటే సాధారణంగా 13.8, 14.5 మధ్య ఉండాలి. కొత్త బండ్లలో బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని కంప్యూటరే తగ్గించి పెంచుతుంటుంది కాబట్టి అప్పుడప్పుడు తక్కువ చూపినా కంగారు పడొద్దు. చవక స్కానర్ల వోల్టు లెక్క కొంచెం అటూ ఇటూ ఉంటుంది, ఒకసారి మల్టీమీటర్‌తో సరిపోల్చుకోండి.

సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్తే ఇది జేబులో లేకుండా వెళ్ళొద్దు. అమ్మేవాళ్ళు లైటు ఆర్పేసి చూపించడం చాలా తేలిక, ఇదే స్కానర్‌తో ఒక్క బటన్ నొక్కితే కోడ్‌లు పోతాయి. కానీ ఆ చెరిపిన గుర్తు మిగులుతుంది. రెడీనెస్ మానిటర్లు అని ఒక పేజీ ఉంటుంది, కంప్యూటర్ తన పరీక్షలు ఏవేవి పూర్తిచేసిందో అందులో ఉంటుంది, కోడ్ చెరపగానే దాదాపు అన్నీ మళ్ళీ అసంపూర్ణం అయిపోతాయి, అవి పూర్తవ్వాలంటే రకరకాల వేగాల్లో బండి కొన్ని రోజులు తిరగాలి. చాలా బండ్లలో కోడ్‌లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న లెక్క కూడా చూపిస్తుంది. రోజూ ఆఫీసుకి వాడుతున్న బండి అని చెబుతూ, ఆ లెక్క పది కిలోమీటర్లు కూడా లేకపోతే ఏం చేయాలో మీకే తెలుసు. బ్యాటరీ ఊడదీసినా మానిటర్లు పోతాయి కాబట్టి ముందు మర్యాదగా అడగండి, బ్యాటరీ మార్చారా అని, నిజంగా మార్చి ఉంటే బిల్లు చూపిస్తారు.

మార్పులు చేయించుకోవాలని ఉబలాటపడేవాళ్ళకి దీనివల్ల ఇంకో మేలు ఉంది, ఏది పనిచేస్తుందో ఏది చేయదో అంకెల్లో తెలుస్తుంది. ఇదే సాకెట్టులో గుచ్చితే మైలేజీ పెరుగుతుంది, పవర్ పెరుగుతుంది అని అమ్మే డబ్బాలున్నాయి. విప్పి చూసినవాళ్ళకి చాలావాటిలో దొరికింది లైట్లు మిణుకుమనిపించే సర్క్యూటే, కంప్యూటర్‌తో మాట్లాడే చిప్పు కూడా లేదు. కాబట్టి అటువైపు వెళ్ళకండి. పెడల్ బూస్టర్ అని వచ్చేది యాక్సిలరేటర్ సిగ్నల్‌ని ముందుగా ఎక్కువ చేసి పంపుతుంది, తొక్కగానే బండి దూకినట్టు ఉంటుంది గానీ ఇంజిన్ శక్తి రవ్వంత కూడా పెరగదు. కోన్ ఎయిర్ ఫిల్టర్ పెట్టించుకుంటే శబ్దం బాగుంటుంది, ఒప్పుకుంటాను, కానీ స్కానర్‌లో ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత చూస్తూ ట్రాఫిక్‌లో నడపండి. డబ్బా లేకుండా బానెట్ లోపలి వేడిగాలినే పీలుస్తుంటే ఆ అంకె ఎక్కడికో పోతుంది, వేడిగాలిలో ఆక్సిజన్ తక్కువ, పవర్ పెరగకపోగా తగ్గుతుంది. మామూలు పేపర్ ఫిల్టర్ శుభ్రంగా ఉన్నది వేసుకుంటే చాలు. టైర్ల సైజు మార్చినవాళ్ళు స్కానర్ చూపే వేగాన్నీ, ఫోన్ జీపీఎస్ వేగాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. టైరు బయటి వ్యాసం 5 శాతం పెరిగితే కంప్యూటర్ 100 అనుకున్నప్పుడు బండి నిజంగా 105లో వెళ్తుంటుంది.

నాకు నచ్చిన మార్పు ఏంటంటే, పాత ఫోన్ ఒకటి హోల్డర్‌లో పెట్టి దాన్నే మీటర్ల బోర్డుగా వాడటం. కూలెంట్ వేడి, బ్యాటరీ వోల్టు, టర్బో బండి అయితే బూస్ట్, ఇవి మూడూ పెద్ద అంకెల్లో. విడిగా గేజులు కొని డాష్‌బోర్డు కోసి, వైరింగ్‌లో అతుకులు వేయించే ఖర్చూ ఉండదు, వారంటీతో పేచీ ఉండదు, నచ్చకపోతే తీసేయొచ్చు. తెర వైపు చూస్తూ మాత్రం నడపొద్దు, హద్దు దాటితే మోగేలా యాప్‌లో అలారం పెట్టుకుంటే సరిపోతుంది.

దాచిన ఫీచర్లు తెరవడం గురించి చాలామంది అడుగుతారు, కదలగానే తలుపులు లాక్ అవ్వడం, పగలు లైట్లు వెలగడం లాంటివి. కొన్ని కంపెనీల బండ్లలో అవుతుంది, ఫోర్డ్, మాజ్దాలకు ఫోర్‌స్కాన్, బీఎండబ్ల్యూకి బిమ్మర్‌కోడ్ లాంటి ప్రత్యేక యాప్‌లున్నాయి. కానీ ఈ పనికి చవక నకలు వాడొద్దని గట్టిగా చెబుతాను. చదవడంలో ఒక మాట తప్పిపోతే మళ్ళీ చదువుకోవచ్చు, రాస్తుండగా కనెక్షన్ తెగితే కారులోని ఆ మాడ్యూల్ (ఆ భాగాన్ని నడిపే చిన్న కంప్యూటర్) పనిచేయకుండా పోవచ్చు. రాయాలనుకుంటే యాప్ తయారుచేసినవాళ్ళు సూచించిన మంచి స్కానర్ కొనండి, పాత విలువలు ముందు సేవ్ చేసుకోండి, బ్యాటరీ నిండుగా ఉండగా చేయండి.

ఇది చేయలేనివి కూడా ఉన్నాయి. మామూలు యాప్‌తో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు చాలా బండ్లలో రావు. బ్రేక్ ప్యాడ్ అరుగుదల, సస్పెన్షన్ చప్పుడు, ఆయిల్ ఎంత తగ్గింది, కూలెంట్ ఎక్కడ కారుతోంది, ఇవి మీ కళ్ళతో చెవులతో చూసుకోవాల్సిందే. కోడ్ చెరిపేముందు ఫ్రీజ్ ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసుకోవడం మరిచిపోకండి, లైటు వెలిగిన క్షణంలో వేగం ఎంత, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, లోడ్ ఎంత అన్నది అందులో ఉంటుంది, చెరిపితే అది కూడా పోతుంది. మెకానిక్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ స్క్రీన్‌షాట్ చూపించి, ఇలా కాయిల్ మార్చి చూశాను, కోడ్ కదల్లేదు అని చెప్పండి. బండి ఏదో తేడాగా ఉంది చూడన్నా అన్నదానికీ దీనికీ వచ్చే జవాబులో చాలా తేడా ఉంటుంది, మంచి మెకానిక్‌కి మీరు సగం పని తగ్గించినట్టే.

పని అయ్యాక స్కానర్ తీసేయండి. ఆ సాకెట్టులో 16వ పిన్నుకి తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది, వారాల తరబడి ఆగిన బండిలో ఇది వదిలేస్తే స్టార్ట్ కాకపోవచ్చు, పైగా 1234 పిన్‌తో పక్కన నిలబడ్డ ఎవరి ఫోనైనా దీనికి కలవగలదు. ఫోన్‌ని మీటర్‌గా వాడుతూ రోజూ పెట్టి తీసేవాళ్ళు ఒక పొట్టి ఎక్స్‌టెన్షన్ వైరు తీసుకోండి, వంపు తిరిగిన మొన ఉన్నది. డబ్బా బయటికి పొడుచుకొచ్చి ఉంటే బండి ఎక్కేటప్పుడు మోకాలు తగిలి సాకెట్టు పిన్నులు వంగిపోతాయి. ఆ వైరు పెడళ్ళకు వేలాడకుండా పైకి కట్టేయండి.